వైద్య విద్యలో పాత్రధారి రోగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో నేను పాఠాలు చెప్పే వైద్య కళాశాలకు కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, పాత్ర వెయ్యడానికి ముందుకొచ్చే ఊరివాళ్ళు, కొన్నిసార్లు మా తోటి అధ్యాపకులు కూడా పాత్రధారి రోగుల గురించి ఇవే సందేహాలు అడుగుతుంటారు. విడివిడిగా జవాబులు చెప్పి చెప్పి అలసిపోయి, అన్నిటినీ ఒకచోట రాసిపెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్ళవచ్చు.

## మొదట వచ్చే సందేహాలు

సిమ్యులేటెడ్ పేషెంట్ అంటే ఎవరు? జబ్బు లేని మనిషిని రోగి అనడమేమిటి?

ఒక రోగి కథనూ, మాటతీరునూ, బాధనూ, భయాన్నీ నేర్చుకుని వైద్య విద్యార్థి ఎదుట ఆ రోగిగా కూర్చునే, శిక్షణ పొందిన మనిషిని సిమ్యులేటెడ్ పేషెంట్ అంటారు. విద్యార్థి ప్రశ్నలడుగుతాడు, కొంతవరకు పరీక్షిస్తాడు, జబ్బు గురించి వివరిస్తాడు. అది ముగిశాక ఆ మనిషి పాత్రలోంచి బయటికి వచ్చి, రోగిగా కూర్చున్నప్పుడు తనకెలా అనిపించిందో విద్యార్థికి చెబుతాడు. చాలామంది మొదటి సగాన్నే చూసి ఇదొక నటన అనుకుంటారు గాని, నా దృష్టిలో రెండో సగమే అసలు పని. పెద్దాసుపత్రి ఓపీలో డాక్టరు ఎంత విసురుగా మాట్లాడినా నిజమైన రోగి దణ్ణం పెట్టి, మందుల చీటీ తీసుకుని వెళ్ళిపోతాడు. ‘మీరు నా మాట పూర్తిగా వినలేదు’ అని మొహం మీద చెప్పే రోగి మన దగ్గర దాదాపు దొరకడు. అందుకే ఆ మాట చెప్పగలిగిన రోగిని మేమే తయారుచేసుకుంటున్నాం.

‘ఎస్పీ వచ్చారు’ అని మీరంటుంటే పోలీసు ఎస్పీ గారనుకున్నాం. ఏమిటా పేరు?

సిమ్యులేటెడ్ పేషెంట్ అనే మాటకు అది పొట్టిపేరు. జిల్లా కేంద్రంలో ‘రేపు పదింటికి ఇద్దరు ఎస్పీలు వస్తున్నారు’ అంటే వాచ్‌మన్ గేటు దగ్గర అటెన్షన్‌లో నిలబడిన సందర్భం నిజంగానే ఉంది కాబట్టి, మేము తెలుగులో పాత్రధారి రోగి అనీ, మాటల్లో ఒట్టి పాత్రధారి అనీ అంటున్నాం.

సిమ్యులేటెడ్ పేషెంట్, స్టాండర్డైజ్డ్ పేషెంట్ ఒకటేనా?

రెండు మాటలనూ చాలాచోట్ల ఒకదాని బదులు ఒకటి వాడుతున్నారు. మనిషి ఒకరే కావచ్చు గాని, పని వేరు. తరగతిలో కూర్చునే పాత్రధారికి విద్యార్థి నడిపించినట్టు కొంత అటూ ఇటూ వెళ్ళే స్వేచ్ఛ ఉంటుంది. పరీక్షలో కూర్చునే పాత్రధారి మాత్రం మొదటి విద్యార్థికి ఏం చెప్పాడో చివరి విద్యార్థికీ అదే, అదే కొలతలో చెప్పాలి. అలా ఒక ప్రమాణానికి కట్టుబడిన పాత్రధారిని స్టాండర్డైజ్డ్ పేషెంట్ అంటారు.

ఈ పద్ధతి ఎక్కడ మొదలైంది?

అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నరాల వైద్యుడైన హోవర్డ్ బారోస్, 1963లో చిత్రకారులకు మోడల్‌గా పనిచేసే ఒక మహిళకు శిక్షణ ఇచ్చి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వల్ల కాళ్ళు చచ్చుబడిన ‘ప్యాటీ డగ్గర్’ అనే రోగి పాత్ర వేయించారు. స్టీఫెన్ ఏబ్రహామ్సన్‌తో కలిసి 1964లో దాన్ని ప్రచురించినప్పుడు ఆయన వాడిన మాట ‘ప్రోగ్రామ్డ్ పేషెంట్’. ఊరు హాలీవుడ్ పక్కనే కావడం వల్ల వైద్య విద్యను సినిమా చేస్తున్నారన్న వెక్కిరింతలు వచ్చాయి. 1970ల్లో అరిజోనాలో పిల్లల వైద్యురాలు పౌలా స్టిల్మన్ ‘తల్లి’ పాత్రధారులను తయారుచేసి, బిడ్డ జబ్బు గురించి తల్లిని ఎలా అడగాలో విద్యార్థులకు నేర్పించారు. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ రూపొందించిన ఓస్కీ పరీక్షా విధానం (విద్యార్థులు గంట కొట్టినప్పుడల్లా ఒకచోటి నుంచి మరోచోటికి మారుతూ ఒక్కోచోట ఒక్కో పని చేసి చూపే పరీక్ష) వచ్చాక పాత్రధారులకు పరీక్షల్లోనూ చోటు దొరికింది.

మన దేశంలో దీన్ని ఎవరైనా తప్పనిసరి చేశారా, లేక మీ సరదానా?

సరదా కాదు. 2019లో ఎంబీబీఎస్‌లో చేరిన బ్యాచ్ నుంచి సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక, అంటే విద్యార్థికి ఏం తెలుసన్నదానితోపాటు ఏం చెయ్యగలడో కూడా చూసే పద్ధతి, అమల్లోకి వచ్చింది. దానితోపాటు వైఖరి, నైతికత, సంభాషణ నేర్పే ఎట్‌కామ్ పాఠాలు 27 మాడ్యూళ్ళుగా వచ్చాయి. జాతీయ వైద్య కమిషన్ 2020లో ఇచ్చిన నిబంధనల్లో ప్రతి కళాశాలలోనూ వైద్యపు పనులు సాధన చేసే స్కిల్స్ ల్యాబ్ ఉండాలనీ, అందులో రోగులనో పాత్రధారి రోగులనో పరీక్షించడానికి కనీసం నాలుగు గదులు ఉండాలనీ రాశారు. గదులు కట్టడం తేలికే. ఆ గదుల్లో కూర్చునే మనుషులను వెతికి, నేర్పి, నిలబెట్టుకోవడం దగ్గరే మనం వెనకబడి ఉన్నాం.

పెద్దాసుపత్రి నిండా రోగులుంటే మళ్ళీ ఉత్తుత్తి రోగులెందుకు?

ఇది మా పెద్ద ప్రొఫెసర్లు సైతం అడిగే ప్రశ్న, న్యాయమైన ప్రశ్న కూడా. నెల్లూరు, ఒంగోలు బోధనాసుపత్రుల ఓపీల్లో ఒక్క పూటలో కనబడే జబ్బులు ధనిక దేశాల విద్యార్థికి ఏడాదంతా కనబడకపోవచ్చు. పెరిగిన ప్లీహాన్ని చేతితో తడిమి తెలుసుకోవాలన్నా, గుండెలో వచ్చే అసహజ శబ్దాన్ని (మర్మరాన్ని) వినాలన్నా నిజమైన రోగే కావాలి. అందులో మరో మాట లేదు.

అయితే ఆ రోగి పాఠం చెప్పడానికి రాలేదు, జబ్బు నయం చేసుకోవడానికి వచ్చాడు. ప్లీహం పెరిగిన ఒక్క కుర్రాడి పొట్టను ఒకే ఉదయం పదిహేనుమంది వరుసగా నొక్కడం నేను విద్యార్థిగా ఉన్నప్పుడు చూశాను, ఆ పదిహేనుమందిలో నేనూ ఉన్నాను. పదకొండో చెయ్యి పడేసరికి ఆ పిల్లవాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మేం మాత్రం వంతు కోసం నిలబడే ఉన్నాం.

ఇక విద్యార్థి మొదటిసారి ‘మీకు హెచ్ఐవీ ఉంది’ అని చెప్పే మాట, మొదటిసారి గర్భస్రావం గురించి అడిగే ప్రశ్న, మొదటిసారి ఆత్మహత్య ఆలోచనల గురించి తీసే ప్రస్తావన తడబాటుగానే ఉంటాయి. ఆ తడబాటు బాధలో ఉన్న మనిషి మీద పడకుండా, తట్టుకోవడానికి సిద్ధపడి వచ్చిన మనిషి మీద పడాలన్నదే మా ఉద్దేశం. నిజమైన రోగుల దగ్గరికి వెళ్ళడం దీనివల్ల తగ్గదు, కాస్త తయారై వెళ్ళడం జరుగుతుంది.

లక్షలు పోసి మానెక్విన్లు (సాధన కోసం చేసిన మనిషి బొమ్మలు) కొన్నారు కదా, అవి చాలవా?

గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం, శ్వాసనాళంలో గొట్టం వెయ్యడం, సూది గుచ్చడం వంటివాటికి మానెక్విన్‌ను మించింది లేదు. కాని అది సిగ్గుపడదు, అబద్ధం చెప్పదు, కూతురి పెళ్ళి అయ్యేదాకా ఆపరేషన్ వాయిదా వెయ్యమని అడగదు. రెండింటినీ కలిపే పద్ధతి కూడా ఉంది. లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలో శస్త్రవైద్యుడు రోజర్ నీబోన్ ప్రాచుర్యంలోకి తెచ్చినట్టుగా, కుట్లు వేసే కృత్రిమ చర్మపు దిండును పాత్రధారి చేతికి కట్టి పైన గుడ్డ కప్పుతారు. విద్యార్థి దిండుకు కుట్లు వేస్తూ మనిషితో మాట్లాడాలి. ఉత్త దిండు మీద చకచకా కుట్టినవాడు ఇక్కడ ‘నొస్తా ఉండాది సార్’ అనే మాట వినబడగానే దారం ఎక్కడ వదిలాడో వెతుక్కుంటాడు.

## పాత్ర వెయ్యాలనుకునేవారు అడిగేవి

నేను పదో తరగతి దాటలేదు. ఇంగ్లీషు రాదు. పనికొస్తానా?

తప్పకుండా పనికొస్తారు. చూసింది గుర్తుపెట్టుకోవడం, ఒకే కథను పదిసార్లు మారకుండా చెప్పడం, ఎదుటి కుర్రవాణ్ణి నొప్పించకుండా నిజం చెప్పడం వచ్చి ఉంటే చాలు. మాకున్న మంచి పాత్రధారుల్లో ఒకావిడ టైలరింగు చేస్తారు. కొలతలు గుర్తుపెట్టుకునే అలవాటు వల్లనేమో, విద్యార్థి ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న అడిగాడో పూసగుచ్చినట్టు చెబుతారు.

పరిషత్తు నాటకాలు ఆడాను, పద్యాలు పాడతాను. నన్ను వెంటనే తీసుకుంటారా?

నాటకానుభవం ఉన్నవారంటే మాకు గౌరవమే, భయమూ ఉంది. మొదటి ఏడాది ఒక పెద్దాయనకు కడుపునొప్పి పాత్ర ఇచ్చాం. ఆయన బల్ల మీదినుంచి కిందికి జారి, నేలమీద దొర్లి, దేవుణ్ణి పిలిచి, చివర కన్నుమూయబోయారు; మా అపెండిసైటిస్ కథలో చావు లేదు. విద్యార్థులు చప్పట్లు కొట్టారు గాని, ఒక్కరూ ఆయన్ను ప్రశ్న అడగలేదు. ఇక్కడ చివరి వరుసలో కూర్చున్నవారికి వినబడాల్సిన అవసరం లేదు, ఎదుట రెండడుగుల దూరంలో ఒక్కడే ప్రేక్షకుడు ఉంటాడు. నిజంగా పొట్ట నొప్పిగా ఉన్నవాడు కదలడానికి జంకుతాడు, తక్కువ మాట్లాడతాడు. ఆ పెద్దాయన తర్వాత దాన్ని పట్టుకున్నారు. ఇప్పుడు ఆయన కుర్చీలోంచి లేచేటప్పుడు ఒక చెయ్యి కుడి పొత్తికడుపు మీద ఆన్చి, అర క్షణం ఆగి లేస్తారు. అంతే చాలు.

డబ్బులిస్తారా?

అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో గంటల లెక్కన చెల్లించే ఉద్యోగమిది. మన దగ్గర చాలా కళాశాలలు సిబ్బందితోనో, సీనియర్ విద్యార్థులతోనో, స్వచ్ఛందంగా వచ్చినవారితోనో నెట్టుకొస్తున్నాయి. పని మానుకుని వచ్చిన మనిషికి ఆ రోజు కూలి, రానుపోను చార్జీలు, భోజనం తప్పనిసరిగా ఇవ్వాలన్నది నా అభిప్రాయం. చేరే ముందే ఎంత ఇస్తారో అడిగి తెలుసుకోండి. అడగడంలో తప్పు లేదు.

నాకు సూదులు గుచ్చుతారా? బట్టలు విప్పమంటారా?

పాత్రలో ఉండగా సూదులు గుచ్చరు, రక్తం తీయరు, మందులు మింగించరు. బీపీ చూడటం, నాడి పట్టుకోవడం, స్టెతస్కోపుతో వినడం, పొట్ట తడమడం వంటివి మాత్రమే, అవి కూడా మీరు ముందుగా ఒప్పుకున్నవే ఉంటాయి. రొమ్ము, మలద్వారం, స్త్రీల కటి పరీక్షలను మేము బొమ్మల మీదే నేర్పుతాం. స్త్రీ పాత్రధారిని పరీక్షించేటప్పుడు గదిలో మరో మహిళ ఉంటారు. మధ్యలో ఏ క్షణంలోనైనా ‘ఆపండి’ అనే హక్కు మీకుంది, కారణం చెప్పక్కర్లేదు.

నాకు నిజంగానే షుగర్ ఉంది. షుగర్ రోగి పాత్ర వెయ్యొచ్చా?

వెయ్యవచ్చు గాని, నేనైతే మొదట వేరే పాత్ర ఇస్తాను. సొంత జబ్బు ఉన్నప్పుడు రాసిన కథలోకి సొంత కథ తోసుకొస్తుంది. దగ్గరివారు ఇటీవల ఏ జబ్బుతో పోయారో ఆ జబ్బు పాత్రను కూడా ఇవ్వం. అందుకే చేరేటప్పుడు ఇంటి సంగతులు కొన్ని అడుగుతాం.

జబ్బు ఉందని పదేపదే అంటే తథాస్తు దేవతలు వింటారని మా అమ్మ వద్దంటోంది. ఏం చెప్పాలి?

అమ్మను తీసిపారెయ్యకండి. నోటివెంట చెడ్డమాట రాకూడదన్న పట్టింపు మన ఇళ్ళలో బలంగా ఉంటుంది. మేము పాత్రకు వేరే పేరు, వేరే ఊరు, వేరే కుటుంబం ఇస్తాం. మీ పిల్లల పేర్లు కథలోకి రానివ్వం. ‘నాకు కాదు, ఫలానా వెంకటమ్మకు’ అనుకుంటే చాలామందికి మనసు కుదుటపడింది. అప్పటికీ కుదరకపోతే రోగి పాత్ర మానేసి, రోగి వెంట వచ్చిన అక్కగానో బాబాయిగానో కూర్చోవచ్చు.

## కథ, శిక్షణ

పాత్రకు కథ ఎలా రాస్తారు?

ఓపీలో నిజంగా చూసిన ఇద్దరు ముగ్గురు రోగులను కలిపి, గుర్తుపట్టే వీలు లేకుండా మార్చి రాస్తాం. మేము ఎక్కువగా వాడే కథ ఒకటి చెబుతాను. కోవూరు వైపు వరి పండించే యాభై నాలుగేళ్ళ రైతు. లోపలికి రాగానే అనవలసిన మాట ఒకటే: ‘గ్యాసు పట్టేసింది సార్, మాత్ర రాసియ్యండి.’ ఆ తర్వాత అడగకుండా ఏమీ చెప్పకూడదు. ‘ఇంకా చెప్పండి’ అని విద్యార్థి ఊరుకుంటే, గట్టు మీద వేగంగా నడిచినప్పుడు పట్టేస్తుందనీ, నిలబడితే తగ్గుతుందనీ చెప్పాలి. చెమట, ఎడమ చేతిలోకి పాకడం, రోజుకు కట్ట బీడీలు అన్నవి అడిగితేనే బయటపెట్టాలి. నొప్పి ఎక్కడని అడిగితే వేలితో చూపకూడదు, గుప్పిట బిగించి రొమ్ము మీద ఆనించాలి. గుండెకు రక్తం చాలనప్పుడు వచ్చే నొప్పిని మనుషులు తరచుగా అలాగే చూపిస్తారు. చివరగా, విద్యార్థి కాగితం మీదినుంచి తలెత్తి ‘మీకేమైనా భయంగా ఉందా?’ అని అడిగితే మాత్రమే, తండ్రి కూడా ఇలాగే గ్యాసు గ్యాసు అంటూ పొలంలోనే పోయాడన్న సంగతి చెప్పాలి.

ఈ కథలో చాలామంది విద్యార్థులు తడబడేది గుండె గురించి తెలియక కాదు. రోగి తానే గ్యాసు అనేశాడు కాబట్టి ఆ దారినే వెళ్ళి గ్యాసుకిచ్చే పాంటప్రజోల్ మాత్ర రాసి పంపేస్తారు.

మిగతా కథలను కూడా మన నేల నుంచే తీసుకుంటాం. కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుము వంగని మనిషి, చీమకుర్తి గ్రానైటు క్వారీలో పనిచేసి పొడిదగ్గుతో వచ్చిన కూలీ, పాము కరిస్తే ముందు మంత్రం వేయించుకుని ఆలస్యంగా వచ్చిన కుర్రవాడు. పరాయి దేశపు పుస్తకంలోని కథను పేరు మార్చి దింపితే పాత్రధారి నోట అది పలకదు.

ఏ లక్షణాలు నటించగలరు, ఏవి నటించలేరు?

నొప్పి, కుంటి నడక, చేతిలో బలహీనత, వణుకు, దిగులు, కొద్దిసేపు ఆయాసం నటించవచ్చు. కుడి డొక్క కింద చెయ్యి ఉంచి ఊపిరి పీల్చమన్నప్పుడు ఠక్కున ఊపిరి ఆపడం వంటివి నేర్పితే వస్తాయి. పిత్తాశయం వాచినప్పుడు వైద్యులు చూసే గుర్తు అది. గాయాలు, కమిలిన మచ్చలు రంగులతో వేయవచ్చు. గుండె మర్మరం, జ్వరం, కాళ్ళ వాపు, ఎక్కువ బీపీ ఎవరూ నటించలేరు. అలాంటప్పుడు విద్యార్థి సరైన పద్ధతిలో పరీక్షించాక, కనబడవలసిన ఫలితం రాసిన కార్డును అతనికి అందిస్తాం.

మా యాసలో మాట్లాడవచ్చా, లేక పుస్తకాల తెలుగు మాట్లాడాలా?

మీ యాసే కావాలి. విద్యార్థి జబ్బుల పేర్లు ఇంగ్లీషులో చదువుకుని వస్తాడు, రోగి వాటిని తన మాటల్లో చెబుతాడు, మధ్యలో చాలా జారిపోతుంది. నెల్లూరాయన ‘నొప్పిగా ఉండాది’ అంటే, ఒంగోలాయన ‘నడిస్తే నొప్పొచ్చిద్ది, కూచుంటే తగ్గిద్ది’ అంటాడు. అది ఎవరికైనా అర్థమవుతుంది. చిక్కంతా ‘వేడి చేసింది’ వంటి మాటలతోనే. ఒకరికి అది మూత్రంలో మంట, ఒకరికి నోటిపూత, మరొకరికి విరేచనాలు. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్నమాటలో గది గిర్రున తిరగడమూ ఉంది, కళ్ళకు చీకట్లు కమ్మడమూ ఉంది, ఒట్టి నీరసమూ ఉంది. వైద్యుడికి ఆ మూడూ మూడు వేర్వేరు దారులు. ‘అంటే ఎలా ఉంటుందమ్మా?’ అని తిరిగి అడగడం విద్యార్థి నేర్చుకోవాలంటే, పాత్రధారి ఆ మాటను శుద్ధి చెయ్యకుండా ఉన్నదున్నట్టు అనాలి. కళాశాల కదా అని మర్యాద కోసం ‘నాకు తలతిరుగుడు లక్షణం ఉన్నది’ అని మాట్లాడితే మా పని చెడుతుంది.

శిక్షణ ఎంతకాలం?

తరగతి కోసం వేసే సాదా పాత్రకు రెండు మూడు పూటలు చాలు. పరీక్షలో కూర్చోవాలంటే, అభిప్రాయం చెప్పే పద్ధతి నేర్చుకోవాలంటే మరికొన్ని పూటలు పడుతుంది.

## తరగతి గదిలో విద్యార్థులు అడిగేవి

నటన అని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇక సీరియస్‌గా ఎలా ఉంటుంది?

మొదటి నిమిషం నవ్వొస్తుంది, అది మామూలే. రెండో నిమిషంలో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగి, మీకు ఏం మాట్లాడాలో తోచనప్పుడు, ఆ తోచకపోవడం మాత్రం నటన కాదు.

మధ్యలో మాట తోచక ఆగిపోతే ఫెయిలవుతానా?

తరగతిలో ఫెయిలు, పాసు లేవు. ‘టైమ్ అవుట్’ అంటే పాత్రధారి ఉన్నచోటే ఆగుతారు. మీరు అధ్యాపకుణ్ణి అడిగి, మళ్ళీ అదే మాట దగ్గర మొదలుపెట్టవచ్చు. ఓపీలో దొరకని సౌకర్యమిది, వాడుకోండి.

పాత్రధారి కావాలనే విషయాలు దాచి మమ్మల్ని ఇరుకున పెడుతున్నారు. ఇది న్యాయమా?

ఆయన దాచడం లేదు, అడగనిది చెప్పడం లేదు. అంతకన్నా ఎక్కువసార్లు జరిగేది మరొకటుంది: చెప్పబోతున్న మాటకు విద్యార్థే అడ్డుపడతాడు. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ 1984లో ప్రచురించిన పరిశీలనలో, రోగి చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు మధ్యలో దూరినట్టు తేలింది. మా గదిలో గోడ గడియారం పాత్రధారి తల వెనక పెట్టాం. మొదటి నిమిషం నోరు మెదపకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఒక్కసారి ప్రయత్నించి చూడండి.

క్యాన్సర్ అని చెప్పడం వంటివి కూడా పాత్రధారులతో నేర్పుతారా? మన దగ్గర ఇంట్లోవాళ్ళు చెప్పనివ్వరు కదా?

నేర్పుతాం, ఆ ఇంట్లోవాళ్ళతో కలిపే నేర్పుతాం. చెడువార్త చెప్పడానికి రాబర్ట్ బక్‌మన్ తదితరులు 2000లో ప్రచురించిన స్పైక్స్ అనే ఆరు అంచెల పద్ధతి ఉంది. గది, కుర్చీ సిద్ధం చేసుకోవడం, రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంత వినదలచుకున్నాడో కనుక్కోవడం, అర్థమయ్యే మాటల్లో చెప్పడం, వచ్చే దుఃఖానికి చోటివ్వడం, ఇక ఏం చేద్దామో కలిసి నిర్ణయించుకోవడం. మంచి పద్ధతే, కాని రోగి ఒంటరిగా వస్తాడన్న ఊహ దాని వెనక ఉంది.

మన దగ్గర తలుపు తెరుచుకోగానే ముందు కొడుకు ఒక్కడే లోపలికి వస్తాడు. ‘నాన్నకు మాత్రం చెప్పొద్దు సార్, తట్టుకోలేడు, అల్సర్ అని చెప్పండి’ అని చేతులు పట్టుకుంటాడు. మా కథలో కొడుకు పాత్రధారి ఒకరు, తండ్రి పాత్రధారి ఒకరు. కొడుకును కసురుకున్న విద్యార్థీ తప్పిపోతాడు, సరేనని తండ్రికి అబద్ధం చెప్పిన విద్యార్థీ తప్పిపోతాడు. ఒకమ్మాయి కొడుకును కూర్చోబెట్టి, ‘మీ నాన్న తనకేమైందో మిమ్మల్ని ఎప్పుడైనా అడిగారా?’ అంది. కథలో లేని ప్రశ్న అది. పాత్రధారి కాసేపు ఊరుకుని ‘రోజూ అడుగుతాడు’ అన్నాడు. ఆ జవాబును తర్వాత మేము కథలో చేర్చుకున్నాం.

నాకు తెలుగు రాదు, వేరే రాష్ట్రం నుంచి వచ్చాను. ఏం చెయ్యాలి?

ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటావి కాబట్టి మీరు ఒక్కరే కాదు. చేరిన కొత్తలో జరిగే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష కూడా ఉంటుంది. పాత్రధారులు నెమ్మదిగా మాట్లాడి, తప్పును దిద్ది, మళ్ళీ చెబుతారు. ‘ఎక్కడ నొప్పి’, ‘ఎన్నాళ్ళుగా’ అనే రెండు మాటలతో మొదలుపెట్టండి. ‘నువ్వు’ అని మాత్రం పెద్దవాళ్ళను అనకండి. తెలుగు రాదని అన్నీ క్షమిస్తారు గాని, అది మనసులో పెట్టుకుంటారు.

చదువు లేని మనిషి నన్ను విమర్శించడమేమిటి?

పాత్రధారి మీ వైద్య జ్ఞానం గురించి ఒక్క మాటా అనరు. అది అధ్యాపకుడి పని. ‘ఫలానా సమయంలో మీరు ఇలా చేశారు, నాకు ఇలా అనిపించింది’ అనే హద్దులోనే మాట్లాడాలని వారికి నేర్పుతాం. మా టైలరమ్మ ఒక కుర్రవాడితో, ‘అడిగినంతసేపూ నువ్వు కాగితం వంకే చూశావు నాయనా. మా ఆయన తాగుడు సంగతి చెబుదామనుకున్నా, నువ్వు తలెత్తితే చెబుదామనుకున్నా, నువ్వు ఎత్తలేదు’ అన్నారు. ఆ కుర్రవాడు చెక్‌లిస్టులో అన్ని ప్రశ్నలూ అడిగి పూర్తి మార్కులకు దగ్గరగా ఉన్నవాడు. ఆ లోటు ఎదుట కూర్చున్న మనిషికి తప్ప మాకెవ్వరికీ కనబడలేదు.

## పరీక్షల గురించి

ఓస్కీలో ఉదయం వెళ్ళినవాడికీ మధ్యాహ్నం వెళ్ళినవాడికీ పాత్రధారి ఒకేలా ఉంటారని నమ్మకమేమిటి?

పూర్తి నమ్మకం ఇవ్వలేను, జాగ్రత్తలు చెప్పగలను. గంట కొట్టినప్పుడల్లా కొత్త విద్యార్థి వస్తుంటే ఇరవయ్యో మనిషి దగ్గరికి వచ్చేసరికి పాత్రధారికి కథ నోటికి వచ్చేసి, అడగకముందే జవాబు జారుతుంది. లేదా అలసటతో ముక్తసరిగా మాట్లాడతారు. అందుకే ఒక్కో పాత్రకు ఇద్దరికి శిక్షణ ఇచ్చి మార్చి మార్చి కూర్చోబెడతాం, మధ్యలో విరామమిస్తాం, ఒక పరిశీలకుడు కథ కాగితం ముందు పెట్టుకుని వింటాడు. పరిచయమున్న విద్యార్థి వస్తే పాత్రధారి వెంటనే చెప్పి తప్పుకోవాలి. నెల్లూరు పెద్ద ఊరేం కాదు, ఇలా తరచుగా జరుగుతుంది.

విదేశాలకు వెళ్ళాలంటే ఇది అవసరమా?

బ్రిటన్‌లో పనిచెయ్యడానికి రాసే ప్లాబ్ రెండో భాగంలో పాత్రధారి రోగులు ఉంటారు. అమెరికా లైసెన్సు పరీక్షల్లో 2004 నుంచి ఉన్న స్టెప్ 2 సీఎస్ అనే పాత్రధారుల పరీక్షను 2020లో కోవిడ్ వల్ల నిలిపి, 2021లో పూర్తిగా ఎత్తేశారు. పాత సీనియర్లు చెప్పే కబుర్లను బట్టి దానికోసం తయారవ్వకండి.

చెప్పకుండా డాక్టర్ల దగ్గరికి ఉత్తుత్తి రోగులను పంపుతారని విన్నాను. నిజమేనా?

పరిశోధనల్లో అలా చేశారు. మధ్యప్రదేశ్ పల్లెల్లో జరిగిన అధ్యయనంలో వైద్యం చేసేవారు ఒక్కో రోగికి సగటున 3.6 నిమిషాలు కేటాయించినట్టు 2012లో వెల్లడైంది. క్షయ లక్షణాలతో ఢిల్లీలో పంపినప్పుడు, 2015లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, 250 సందర్శనల్లో సుమారు ఐదో వంతులోనే సరైన పద్ధతి పాటించారు. అది వైద్య సేవల నాణ్యతను కొలిచే పని. శిక్షణలో మాత్రం ఎదుట ఉన్నది పాత్రధారి అని విద్యార్థికి ముందే తెలుస్తుంది.

## పని ముగిశాక

దిగులు మనిషి పాత్ర వేసి ఇంటికెళ్తే రాత్రంతా అదే గుర్తొస్తోంది. ఇది మామూలేనా?

మామూలే, తేలిగ్గా తీసుకోకూడనిది కూడా. పాత్ర ముగిశాక సొంత పేరు, సొంత ఊరు పైకి చెప్పుకోవడం, పాత్ర కోసం కట్టుకున్న చీరో చొక్కానో మార్చుకోవడం, అందరితో కూర్చుని టీ తాగి వేరే కబుర్లు చెప్పుకోవడం మేము తప్పనిసరి చేశాం. దుఃఖపు పాత్రను ఒకే మనిషికి వరుసగా రెండు రోజులు ఇవ్వం. అప్పటికీ మనసు తేలికపడకపోతే మాకు చెప్పండి, ఆ పాత్రను మీ నుంచి తీసేస్తాం.

విద్యార్థులు పరీక్షిస్తుంటే నాలో నిజమైన జబ్బు బయటపడితే?

బయటపడుతుంది, పడింది కూడా. తలనొప్పి పాత్ర వేసిన ఒకాయనకు కార్డులో రాసిన బీపీ 120/80. మొదటి ముగ్గురు విద్యార్థులు కఫ్ కట్టి చూసి, మాటాడకుండా 120/80 అని రాశారు. నాలుగో అమ్మాయి మాత్రం లేచి వచ్చి, ‘నాకు 170 మీద 110 వస్తోంది సార్, మూడుసార్లు చూశాను, నాకు చూడటం రాదేమో’ అంది. ఆమెకు చూడటం వచ్చు. ముందు ముగ్గురికీ అదే అంకె కనబడిందనీ, తమదే తప్పనుకుని కార్డులోది రాసేశారనీ తర్వాత ఒప్పుకున్నారు. అప్పటినుంచి మా ల్యాబ్‌లో పాత్రధారులందరికీ చేరే రోజే బీపీ, షుగర్ చూస్తున్నాం. ఏదైనా బయటపడితే పాత్ర పక్కనపెట్టి వెంటనే సంబంధిత డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం, ఆ సంగతి గోప్యంగా ఉంచుతాం.

పాత్రధారితో బాగా మాట్లాడినవాడు నిజమైన రోగితోనూ బాగా మాట్లాడతాడా?

ఎప్పుడూ కాదు. పాత్రధారి గదిలో ఒక్క రోగి, చల్లటి ఏసీ, పది నిమిషాలు ఉంటాయి. ఓపీలో బల్లకు నాలుగువైపులా మనుషులు, చేతికి అందిస్తున్న చీటీలు ఉంటాయి. కొందరు విద్యార్థులు ‘మీ బాధ నాకు అర్థమవుతోంది’ అనే వాక్యాన్ని బట్టీపట్టి, అర్థమైనా కాకున్నా వాడేస్తారు. పాత్రధారులు దాన్ని ఇట్టే పసిగట్టి నవ్వుకుంటారు. అందుకే ల్యాబ్‌లో నేర్చినదాన్ని అదే వారంలో వార్డులో ఒక రోగి దగ్గర చేసి చూపించమంటున్నాం.

పాత్రధారులుగా పనిచేసినవారు తమ సొంత డాక్టరు దగ్గర ఎలా ఉంటారు?

కొంచెం మారతారు. మా టైలరమ్మ ఈమధ్య మోకాళ్ళ నొప్పికి ఒక డాక్టరు దగ్గరికి వెళ్తూ, ఎప్పటినుంచి, ఎక్కడ, ఏం చేస్తే ఎక్కువవుతుంది, ఇప్పటిదాకా ఏ మాత్రలు వాడిందీ కొలతలు రాసుకునే కాగితం మీద నాలుగు వరుసలు రాసుకుని వెళ్ళారు. ఆయన చూడకుండానే మందులు రాయబోతుంటే, ‘ఒక్క నిమిషం సార్, ఇది చదవండి’ అని కాగితం బల్ల మీద పెట్టారట. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, రాస్తున్న చీటీ చింపేసి, ‘లేచి కాస్త నడిచి చూపించమ్మా’ అన్నారట.